పదణాల తెగులు

1943 నవంబరు 3, బుధవారం

మునిరత్నం ఏడ్చాడు. ఏడవడం వాడికి కొత్త కాదు. ఈసారి ఏడవకూడని చోట ఏడ్చాడు.

పొద్దున చిత్తూరు నుంచి వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరు సైకిలు మీద వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా మేజోళ్ళు. చెరుకుకు ఎర్రకుళ్ళు తెగులు తగిలిందని ఐరాల చుట్టుపక్కల తోటలన్నీ చూస్తున్నాడట. మా చిన్న తమ్ముడు మునిరత్నం తోట గట్టు మీద నిలబడి, పుస్తకం తెరిచి, "ఎన్నణాలుంటుందయ్యా?" అని అడిగాడు.

పుస్తకం తెరిచినవాడు కరణమైనా కలెక్టరైనా మా వంశంలో మర్యాద ఒకటే. మా నాయన నేర్పిన విద్య. నిండు పైరు కళ్ళముందు ఊగుతున్నా సరే, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని "అంతా పాయ సామీ" అనాలి. కరణం పైరును అణాల్లో అంచనా కడతాడు. పదహారణాలంటే నిండు పంట. నాలుగో అయిదో అని రాశాడంటే ఆ ఏడు శిస్తు తగ్గుతుంది. కాబట్టి ఎంత ఏడిస్తే అంత మంచిది.

మునిరత్నం తలగుడ్డ తీశాడు. "యాడుండాది సామీ, పాయ. పదణాలు పాయ. నా పెండ్లాం బిడ్డలు మన్ను తినాల" అన్నాడు. వాడి పెళ్ళాం కుప్పమ్మ గట్టు కింద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరూ చెప్పకుండానే. మంచి ఇల్లాలు.

ఆ పిల్లవాడు అడిగింది పైరు అణాలు కాదు. తెగులు అణాలు.

పది అని రాసుకున్నాడు. అంచు సాళ్ళలో పసుపు తిరిగిన ఆకులు రెండు మూడు తిప్పి చూసి, నిజమేనన్నట్టు తలాడించాడు. ఎనిమిదణాలకు మించితే తోటంతా వేళ్ళతో సహా పెరికి అక్కడే కాల్చాలట. అంతకు లోపలైతే చెడ్డ దుబ్బులు మాత్రం తీసేస్తే చాలట. చెప్పేసి సైకిలెక్కాడు.

మునిరత్నం తలగుడ్డ ఇంకా చంకలోనే ఉంది.

దీపం పెట్టేటప్పుడు నవ్వొచ్చింది. స్వామి క్షమించాలి. ఆయనకూ వచ్చే ఉంటుంది.

నవంబరు 4, గురువారం

ఇవాళ నవ్వు లేదు.

వాడు ఉన్న నేలంతా చెరుకే పెట్టాడు. తినడానికి రాగి కూడా వేయలేదు. వద్దంటే వినలేదు. కాల్చేస్తే ఈ ఏడు వాడు ధనంజయ గానుగ దగ్గర కూలికి నిలబడాలి. అన్న దగ్గర తమ్ముడు కూలి. వాడు దానికంటే మన్నే మేలంటాడు.

నేనూ వాడి ఇంట్లోనే తింటాను. పద్దెనిమిదేళ్ళకు బొట్టు పోగొట్టుకుని వచ్చిననాటి నుంచి నా కంచం వాడి ఇంట్లోనే ఉంది. అందుకని కాదు రాస్తున్నది. ఊరికే రాస్తున్నాను.

ధనంజయ వచ్చాడు. ఇద్దరు తమ్ముళ్ళలో పెద్దవాడు. వాడి చెరుకు మునిరత్నం తోటకు దిగువన, అదే కాలవ నీటికి పెరుగుతుంది.

"ఏందిరా, పదణాలని నువ్వే సెప్పినావంట."

"కరణం అణాలనుకున్నాన్నా."

"కరణం అణాలైనా పది పోతే ఆరే కదా మిగిలేది. నీ తోటలో పైరు ఆరణాలేనా?"

"పదహారు."

"మరి పది పాయని ఎందుకు సెప్పినావురా?"

"పుస్తకం తెరిసినాడన్నా."

ధనంజయ తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. తన ముందు తెరిచినా తాను అదే చెప్పి ఉండేవాడు.

నవంబరు 6, శనివారం

మొన్న అన్నదమ్ములిద్దరూ చిత్తూరికి పోయి మొర పెట్టుకుని వచ్చారు. పందొమ్మిదో తేదీ శుక్రవారం పెద్ద ఆఫీసరే వచ్చి చూస్తాడట. ఆయన ఎంతంటే అంతేనట.

అప్పటి నుంచి ఊళ్ళో అందరికీ తోట చూడడమే పని.

కుప్పమ్మ చూసింది. ఒక్కణా అంది. కరణం చూశాడు. అలవాటు కొద్దీ ఆరన్నాడు, ఏది ఆరో చెప్పలేదు. ధనంజయ గట్టు దాటేటప్పుడు చూసి నాలుగన్నాడు. సాయంత్రం కాలవ నీటి దగ్గర తమ్ముడితో మాటా మాటా పెరిగాక మళ్ళీ చూసి పన్నెండన్నాడు. మధ్యలో గడిచింది ఒక పూట. పూటలో ఎనిమిదణాల తెగులు పాకింది, ధనంజయలో.

ఏకాంబరం చూశాడు. పక్క వీధి వాడు. వచ్చే నాటుకు విత్తనపు గడలు వాడికి కావాలి. "తెగులా? యాడుండాది తెగులు? ఇంత పచ్చంగా ఉంటే. ఆ సైకిలాయన కండ్లకే తెగులు, తాయమ్మక్కా" అన్నాడు. ఊళ్ళో ఇంకా పదిమంది అతనితో పాటు గడలు అడిగి పెట్టుకున్నారు.

నేనూ చూశాను. అయిదణాలు.

నవంబరు 8, సోమవారం

కార్తీక సోమవారం. ఉపవాసం.

సాయంత్రం శివుడికి దీపం పెట్టి తోట వైపు పోయాను. అదే గట్టు, అదే సాలు. తొమ్మిదణాలు అనిపించింది.

ఇంటికొచ్చి ఒంటిపొద్దు విడిచి రెండు ముద్దలు తిన్నాక, అయిదే ఉంటుందిలే అనిపించింది. ఖాళీ కడుపుతో చూస్తే లోకమంతా తెగులే. పెద్ద ఆఫీసరు వచ్చేనాడు ఆయనకు ముందే భోజనం పెట్టాలని కుప్పమ్మకు చెప్పాను. కోడిపులుసు అంది. నేను చెవులు మూసుకున్నాను. రాగి సంగటి, కోడిపులుసు.

ఇంకొకటి గమనించాను. పచ్చటి తోటలో నాలుగు ఎండుటాకులుంటే కంటికి ఆ నాలుగే కనబడతాయి. అదే ముప్పాతిక ఎండిపోయి ఉంటే, మిగిలిన నాలుగు పచ్చాకులు కనబడతాయి. కన్ను ఎప్పుడూ తక్కువ ఉన్నదాని మీదకే పోతుంది. నాకు మాత్రమే ఇలాగో, అందరికీ ఇంతేనో.

నవంబరు 10, బుధవారం

చెరుకు తోటను అందరూ గట్టు మీద నుంచే చూస్తున్నారు. లోపలికి పోయినవాడు లేడు. ఆకు కత్తిలా కోస్తుంది, పాముల భయం. లోపల ఇంకా పచ్చగా ఉందని చూసి చెబితే మునిరత్నానికి ధైర్యంగా ఉంటుంది కదా అని, తలకు కొంగు చుట్టుకుని, కొడవలి పట్టుకుని నడిమి దాకా పోయి వచ్చాను.

చేతులు గీసుకున్నాయి.

కళ్ళజోడు తీసుకుపోలేదు.

నవంబరు 11, గురువారం

కార్తీక పున్నమి. దీపాలు పెట్టాను.

కళ్ళజోడు లేకుండా చూసింది చూపు కాదు. మూడణాలు ఉంటుందేమో.

"లోపలికి పోయినావంట కదా, ఎట్లుండాది అక్కా?" అని మునిరత్నం అడిగాడు. "కళ్ళజోడు లేదు నాయనా" అన్నాను. అది నిజం.

నవంబరు 13, శనివారం

ఏకాంబరం రెండు కొబ్బరికాయలు తెచ్చి ఇంట్లో పెట్టిపోయాడు. గడలు ముందు తనకే ఇవ్వాలట. శుక్రవారం ఆఫీసరు వెనక్కి తిరగ్గానే బండి కట్టుకుని వస్తాడట.

బుధవారం తోట లోపలికి పోయినప్పుడు ఒక గడ నరికాను. రాయలేదు. నిలువునా చీల్చాను. వాసన వచ్చింది, పులిసిన కల్లు వాసన. అయితే వాసన ముక్కు సంగతి. వాళ్ళు అడుగుతున్నది కంటికి కనబడేది ఎంత అని.

కంటికి అయిదణాలు.

నవంబరు 14, ఆదివారం

పొద్దున వీధి అరుగు మీద రచ్చ.

"మొన్న పదన్న నోరు నీదే, ఇప్పుడు ఒక్కణా అంటున్న నోరూ నీదే. ఏ నోటిని నమ్మాలప్పా మేము?" అని ధనంజయ అడిగాడు. వాడి భయం వాడిది. కాలవలో నీళ్ళు పై తోట నుంచి వాడి తోటకే పోతాయి.

"నీ తోటకు అంటుకుంటాదని కదా నీ ఏడుపు?"

"అంటుకుంటే నువ్వొచ్చి ఏడుస్తావా? ఏడవడానికైతే వస్తావులే. దాంట్లో నీకు పేరుండాది."

నలుగురూ నవ్వారు. మునిరత్నానికి రోషమొచ్చింది. "కాణిపాకం పోదాం పా. సామి ముందర పెమాణం జేస్తా. ఎనిమిదణాల లోపే ఉండాదని."

కాణిపాకం ప్రమాణమంటే మా వైపు కోర్టు తీర్పు కంటే పెద్దది. అక్కడ అబద్ధమాడి బాగుపడినవాడు లేడంటారు. నవ్వులు ఆగిపోయాయి. గురువారం అని ఖాయం చేసుకున్నారు.

తర్వాత చాలాసేపు వాదన నడిచింది. లెక్క పెట్టి ప్రమాణం చేయవచ్చా? నిజానికి ఎనిమిదింబావు ఉంటే అది అబద్ధమా, పొరపాటా? స్వామి పావు అణా తేడా క్షమిస్తాడా? కరణం, "దేవుడి దగ్గర అరణా దాకా సడలింపు ఉంటుంది" అన్నాడు, ఏదో సర్కారు ఉత్తర్వు చదివినట్టు.

నేను ఒక్క మాట అన్నాను. "ఏనుగు మొహం పెట్టుకుని కూర్చున్న దేవుడి దగ్గర చెరుకు తోట మీద ప్రమాణమేమిటిరా? ఆయనకు చెరుకంటే ప్రాణం. వేరే దేవుణ్ణెవరినైనా చూడండి."

"నువ్వు రోజూ ఆయన్నే మొక్కతా ఇట్లా మాట్లాడతావేందక్కా" అన్నాడు ఏకాంబరం.

రోజూ మొక్కుతాను కాబట్టే మాట్లాడతాను. అప్పుడప్పుడు మొక్కేవాళ్ళకు భయముంటుంది.

ప్రమాణం ఆపడానికి నేను అన్నది ఆ ఒక్క మాటే. ఇందులో నా పనేమీ లేదు.

నవంబరు 15, సోమవారం

ఏడు ఉంటుంది. ఏడంటే ఎనిమిది లోపే.

నవంబరు 16, మంగళవారం

పదకొండు. లోపలికి పోయిన మొదటి రోజూ పదకొండే.

రాశాను కాబట్టి ఇప్పుడు రాసినదాన్ని చూస్తూ కూర్చోవాలి.

నడిమిన పల్లం ఉంది. వానలకు అక్కడ నీళ్ళు నిలబడ్డాయి. అక్కడి నుంచి చుట్టూ పాకింది. గడల కొసన మొవ్వు చిగుళ్ళు ఎండి వేలాడుతున్నాయి. అంచు సాళ్ళు మాత్రం పెళ్ళికూతురిలా ఉన్నాయి. చూసేవాళ్ళందరూ ఆ పెళ్ళికూతుర్నే చూస్తున్నారు. మునిరత్నం ఆ రోజు అలవాటు కొద్దీ ఆడిన అబద్ధం అక్షరాలా నిజం. వాడికి తెలియదు.

తెలియకుండా ప్రమాణం చేస్తే ఎలా? మధ్యాహ్నం వాణ్ణి పిలిచాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. ఇద్దరం లోపలికి పోయాం.

"చూడు" అన్నాను.

చూశాడు. చాలాసేపు చూశాడు. "నాలుగణాలు" అన్నాడు.

"సరిగా చూడు నాయనా."

"సరే, నాలుగున్నర."

"నా కంటికి పదకొండు."

"ఆ దుబ్బు పచ్చంగా లేదా? ఇదో, ఇది? ఆ మూల చూడక్కా, ఎట్లుండాదో. నువ్వు ఎండినియ్యే చూస్తావుండావు."

వాడు పచ్చవి చూపించాడు. నేను ఎండినవి చూపించాను. ఒకే దుబ్బు ముందు నిలబడి ఇద్దరం రెండు తోటలు చూశాం. వాడు అబద్ధమాడడం లేదు. వాడు అబద్ధమాడితే ఎడమ చెవి గీరుకుంటాడు, చిన్నప్పటి నుంచి. ఇవాళ గీరుకోలేదు.

నేను చీల్చిన గడ అక్కడే పడి ఉంది. ఎండి చీమలు పట్టాయి. "వాసన చూడు" అన్నాను.

"నాకు పడిశం" అన్నాడు.

ఇంకొకటి నరుకు అన్నాను. "బతికుండే గడను నరకమంటావా?" అన్నాడు. కొడవలి నా చేతిలోనే ఉంది. నేనూ నరకలేదు.

బయటికొచ్చేటప్పుడు వాడు ముందు నడిచాడు. ఆకులు తిరిగొచ్చి నా మొహానికి కొట్టుకున్నాయి. చూసుకోలేదు పాపం.

పదకొండు అన్నది నా భయం లెక్కేమో. వాడి నాలుగు వాడి ఆశ లెక్క. మధ్యలో ఏడున్నర. ఎనిమిది లోపే.

ఛీ.

నవంబరు 18, గురువారం

కాణిపాకం.

మునిరత్నం స్నానం చేసి తడిబట్టలతో స్వామి ముందు నిలబడ్డాడు. వణుకుతున్నాడు, చలికి. "నా కంటికి కనబడినంత మటుకు తెగులు ఎనిమిదణాల లోపే, స్వామి సాక్షి" అన్నాడు. కంటికి కనబడినంత మటుకు అన్నది కరణం రాసిచ్చిన మాట. దేవుడి దగ్గర కూడా సందు పెట్టుకోవడం ఆయనకే చెల్లు.

ధనంజయ తల వంచి సరే అన్నాడు. తమ్ముడి భుజం మీద పొడి తుండు కప్పాడు.

నేను పక్కనే ఉన్నాను. అడ్డం పోలేదు. ఏమని పోయేది? వాడు నిజమే చెబుతున్నాడు. వాడి కంటికి నాలుగే.

స్వామిని మాత్రం అడిగాను. వాడి కంటికి నాలుగు, నా కంటికి పదకొండు, నీ కంటికెన్ని? నీవి చిన్న కళ్ళు, పైగా తొండం అడ్డం. ఎప్పుడైనా కదిలి ఆ తోటలోకి పోయి చూశావా? అందరూ నీ దగ్గరికే వచ్చి చెప్పిపోతుంటారు.

బదులు లేదు. ఆయన అలవాటే. ఉండ్రాళ్ళు మాత్రం బాగున్నాయి.

నవంబరు 19, శుక్రవారం

పెద్ద ఆఫీసరు మోటారు కారులో వచ్చాడు. టోపీ, చేతి కర్ర. మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చాడట, తెలుగు నెమ్మదిగా తూచి మాట్లాడతాడు. వెనకే మేజోళ్ళ పిల్లవాడు. ముందు కోడిపులుసు పెట్టారు. ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు. ఇక భయం లేదన్నట్టు కుప్పమ్మ నా వైపు చూసింది.

తోట దగ్గర మునిరత్నం తలగుడ్డ ఉతికి, ఎత్తుగా కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పుస్తకం తెరవగానే వాడి చెయ్యి తలమీదకు పోయింది. ధనంజయ వెనక నుంచి గిల్లాడు. "పదహారణాల పైరు సామీ" అన్నాడు మునిరత్నం. వాడి జీవితంలో పుస్తకం ముందు అన్న మొదటి మంచిమాట.

ఆఫీసరు గట్టు మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు.

"బాగానే ఉన్నదే. నువ్వు పది అని రాసినావు?"

"ఆ రోజు ఎండ ఎక్కువ సార్. ఇప్పుడు చూస్తే మూడు అనిపిస్తున్నది."

"రెండు."

"రెండే సార్."

పిల్లవాడు పదహారు రోజుల్లో ఎనిమిదణాల తెగులు కుదిర్చేశాడు. మందూ మాకూ లేకుండా.

మునిరత్నం మొహం నేను చూశాను. పెళ్ళినాడు కూడా వాడు అంత బాగా లేడు. ధనంజయ వాడి వీపు మీద చరిచాడు. కాలవ పక్కన ఏకాంబరం అప్పుడే ఎద్దుల్ని విప్పి, బండి నొగ దించి, తాడు, కొడవళ్ళు దించుకుంటున్నాడు. వెనక ఇంకో రెండు బళ్ళు. గడలకు.

ఆఫీసరు పుస్తకం మూసి, మర్యాదకు నన్ను పలకరించాడు. "ఏం పెద్దమ్మా, సంతోషమేనా?"

"లోపలికి రండి సామీ" అన్నాను.

ఎందుకన్నానో రాద్దామని దీపం పెట్టినప్పటి నుంచి కూర్చున్నాను. ఆ బళ్ళు చూశాను. అంతకంటే ఏమీ దొరకడం లేదు.

"లోపల ఏమున్నది?"

"గట్టు మీద నుంచి మీకు రెండు. లోపల మా తమ్ముడి కంటికి నాలుగు. నా కంటికి పదకొండు. మీ కంటికి ఎంతో చూసి పోండి."

కుప్పమ్మ "వదినా" అంది. అంతే అంది.

ఆయన మంచివాడు. లోపలికి వచ్చాడు. ఆకులు టోపీ తీసుకున్నాయి, పిల్లవాడు ఏరుకొచ్చాడు. నడిమి పల్లంలో నిలబడి ఆయన చుట్టూ చూశాడు. ఏడన్నాడు. ఇంకో పక్క తిరిగి తొమ్మిదన్నాడు. కళ్ళు నులుముకుని, "సరిగ్గా ఎనిమిది ఉంటుందా?" అని పిల్లవాణ్ణి అడిగాడు. "సరిగ్గా ఎనిమిదే సార్." ఎనిమిదైతే కాల్చాలో అక్కరలేదో ఇద్దరికీ తెలియలేదు. మించితే అని ఉంది, లోపలైతే అని ఉంది, ఎనిమిది గురించి ఏమీ లేదట.

నేను కొడవలి ఆయనకిచ్చాను. ఆయన ఒక గడ నరికి చీల్చాడు. లోపల ఎరుపు. ఎరుపులో అడ్డంగా తెల్ల మచ్చలు. అందరికీ వాసన తగిలింది.

"ఎరుపు మంచి జాతికి ఉంటాది సామీ" అన్నాడు మునిరత్నం.



వాడు ఆఫీసరు చేతిలోంచి ఆ ముక్క తీసుకున్నాడు. నోట్లో పెట్టుకుని నమిలాడు. "తియ్యంగా ఉండాది సామీ" అన్నాడు. ఆఫీసరు ఇంకో ముక్క పిల్లవాడి చేతికిచ్చాడు. పిల్లవాడు కొరికి, పులుపో తీపో తేల్చుకోవడానికి ఆఫీసరు మొహం చూశాడు. చివరికి ఆయనే ఒక ముక్క కొరికి వెంటనే ఉమ్మేశాడు. అది చూసి పిల్లవాడూ ఉమ్మేశాడు.

మునిరత్నం ఉమ్మలేదు. నమిలాడు. మింగాడు. చెరుకు నమిలి పిప్పి ఉమ్మని మనిషిని నేను ఇదే చూడడం. పిప్పి కూడా మింగాడు. "తియ్యంగా ఉండాది" అని మళ్ళీ అన్నాడు, ఈసారి నా వైపు చూసి. ఎడమ చెవి గీరుకున్నాడు.

ఆఫీసరు వాడి చేతిలో మిగిలిన ముక్క తీసుకుని కింద పడేశాడు. ఎన్నణాలు రాశాడో చూపించలేదు. "కాల్చేయండి" అన్నాడు మెల్లగా. విత్తనానికి కూడా గడ ఒక్కటీ తోట దాటకూడదన్నాడు, గడతో పాటే తెగులూ పోతుందట.

ఏకాంబరం ఎద్దుల్ని మళ్ళీ కట్టాడు.

నవంబరు 21, ఆదివారం

మునిరత్నానికి రెండు రోజులుగా కడుపు చెడింది. చెంబు పట్టుకుని పోవడం, రావడం. పిప్పి మరి.

కుప్పమ్మ నా కంచం ఎప్పటి చోటే పెడుతోంది. బోర్లించి పెడుతోంది. నేను తిప్పుకుని వడ్డించుకుంటున్నాను. "ఈడ తిని ఆడ సాచ్చిగం సెప్తివి కదా వదినా" అంది. అవునమ్మా అన్నాను. ఇంకేం అనను.

"పెమాణం తప్పినావు కదా, ఏమీ కాలేదా అబ్బా?" అని ఏకాంబరం వాకిట్లో నిలబడి అడిగాడు. కొబ్బరికాయలు వెనక్కి తీసుకుపోవడానికి వచ్చాడు. ఒకటి పచ్చడి అయిపోయింది, ఒకటి తీసుకుపోయాడు.

వాడికి ఏమీ కాలేదు, కడుపు తప్ప. స్వామికి కూడా గట్టు మీద నుంచే కనబడి ఉంటుంది.

నవంబరు 23, మంగళవారం

పెరికారు. ధనంజయ తన ఎద్దుల్ని, మనుషుల్ని తెచ్చాడు. పిలవకుండానే. అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఒకే సాలులో పని చేశారు.

అంచు సాళ్ళు పెరికేటప్పుడే కష్టమైంది. అవి బాగానే ఉన్నాయి.

నవంబరు 25, గురువారం

కాల్చారు. పచ్చి దుబ్బులు అంటుకోవడానికి పొద్దంతా పట్టింది. ఊరంతా బెల్లం వండినట్టు వాసన. పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చారు, పొయ్యి ఎక్కడని అడుగుతూ.

మునిరత్నం నాతో మాట్లాడి ఆరు రోజులు.

జపం చేసుకున్నాను. ఏ లెక్కా లేకుండా.

నవంబరు 27, శనివారం

పొద్దున జపమాల చేతిలో ఉండగానే మునిరత్నం వచ్చి గడపలో నిలబడ్డాడు.

"పెద్దోడి తోటలోకి పోయి చూసినావా?"

లేదన్నాను.

"ఏం? కాలవ ఆ తోటకు పోవడం లేదా? నీ కన్ను నా మీదే పడినాదా?"

వాడు అన్నది న్యాయం. నేను ఆ మాట అనుకోకుండా ఇన్నాళ్ళు ఎలా ఉన్నానో తెలియదు. ఒక తమ్ముడి తోట కాల్పించాక రెండో తమ్ముడి తోట వైపు తల తిప్పలేదు. ఇక మిగిలిన ఒక్క చెరుకు తోటా అదే. ఇద్దరి ఇళ్ళూ ఇక దాని మీదే నడవాలి. మునిరత్నం కూలి కూడా.

లేచాను. కళ్ళజోడు పెట్టుకున్నాను.

ధనంజయ తన తోట గట్టు మీదే ఉన్నాడు. మమ్మల్ని చూడగానే వాడికి విషయం అర్థమైంది. "ఏమీ లేదక్కా. నేను పొద్దునే చూసినా. రెండణాలు కూడా ఉండదు" అన్నాడు. మేము ఆగలేదు. "రేయ్ రత్నం, ఏందిరా ఇది. అక్కా, కాలు జారతాది, తడిగా ఉండాది" అన్నాడు. తర్వాత గట్టు మీద కూర్చుండిపోయాడు.

అంచు సాళ్ళు పచ్చగా, నిటారుగా ఉన్నాయి.

కొడవలి మునిరత్నం పట్టుకున్నాడు. నన్ను వెనక ఉండమని సైగ చేసి ముందు నడిచాడు. ప్రతి ఆకునూ చేత్తో పక్కకు తోసి, నేను దాటేదాకా పట్టుకుని, అప్పుడు వదిలాడు.